అన్నయ్య వాటా

భీమశంకరానికి ఒక పుస్తకంలో సగం దొరికింది. రెండో సగం ఎక్కడుందో తెలుసు, చేతికి మాత్రం రావడం లేదు. ఆ దిగులుతో అతనికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

అతను పుట్టింది పొగడలంకలో. గోదావరి నడుమ ఉండే ఆ లంకను ఏటా కొంచెం కొంచెంగా ఏరే కోసుకుపోయింది. ఇప్పుడక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పుట్టిన ఊరు చూడాలనిపిస్తే కళ్ళు మూసుకోవాల్సిందే. అందుకే పొగడలంక పేరు ఒక్కచోట కనిపించినా సరే, ఆ పుస్తకాన్ని తెచ్చిపెట్టుకునేవాడు. పాత పుస్తకాల కొట్లు, చిత్తు కాగితాల గోదాములు, మూతపడ్డ గ్రంథాలయాలు, వేటినీ వదల్లేదు. తెచ్చినదానికి దుమ్ము దులిపి, ప్లాస్టిక్ కవరు తొడిగి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమని భార్య ఎగతాళి చేసేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఈ సగం పుస్తకానిది వేరే కథ. పొగడలంక బడిపంతులు వీరభద్రం తన లంక చరిత్ర రాసి, అప్పులు చేసి కొద్ది ప్రతులు అచ్చు వేయించాడు. వరదలకు పోయినవి పోగా ఒక్కటే మిగిలింది. లంక ఖాళీ చేసేటప్పుడు అతని కొడుకులిద్దరూ వాటాలు పంచుకున్నారు. మంచాలు, గంగాళాలు, పడవ, అన్నీ తెగాయి. తండ్రి పుస్తకం దగ్గర మాత్రం తెగలేదు. నాకంటే నాకని పట్టుపట్టారు. విసుగెత్తిన పెద్దమనుషులు దాన్ని కుట్టు దగ్గర రెండుగా చీల్చి చెరో సగం చేతిలో పెట్టారు. అన్న అబ్బులు తూర్పుగట్టుకు, తమ్ముడు చిట్టబ్బాయి పడమటిగట్టుకు వెళ్ళిపోయారు. మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అబ్బులు పోయాక ఆ ఇంటి పిల్లలు అతని సగాన్ని చిత్తు కాగితాల్లో వేసేశారు. అక్కడే అది భీమశంకరానికి దొరికింది.

రెండో సగం కోసం అతను చిట్టబ్బాయి ఇంటికి వెళ్ళాడు. ముసలాయన ఇవ్వనన్నాడు. పైగా, ఆ మొదటి సగం తనకే ఇవ్వమని బతిమాలాడు. భీమశంకరం కూడా ఇవ్వలేదు.

గోదావరి గట్టున, చిన్న దర్గా పక్కన జైనుల్లా బాబా ఉండేవారు. భీమశంకరం చాలాకాలంగా ఆయన శిష్యుడు. అతను వెళ్ళేసరికి బాబా అరుగు మీద కూర్చుని, దర్గా వంటకోసం చింతపండులో గింజలు తీస్తున్నారు. భీమశంకరం ఎదురుగా కూర్చుని, తానూ నాలుగు గింజలు తీస్తూ సంగతంతా చెప్పాడు. ముసలాయన మనసు మారే ఉపాయం ఏదైనా చెప్పమన్నాడు. బాబా గింజలు తీస్తూనే ఉన్నారు.

"ఆయనకి ఎనభై దాటాయి బాబా. కొన్నాళ్ళు ఆగితే..." అని, మిగతాది మింగేశాడు.

గోతికాడ నక్క అంటే ఎవరో అప్పుడే అతనికి తెలిసింది. తలెత్తలేకపోయాడు. బాబా చింతపండు పక్కన పెట్టి, చేతులు కడుక్కున్నారు.

"నీ సగం తెచ్చుకో నాయనా. రేవు దాటి వద్దాం" అన్నారు.

బాబా మాట్లాడితే ముసలాయన కాదనడని భీమశంకరానికి ప్రాణం లేచొచ్చింది. పడవలో దారిపొడవునా కవరులోని పుస్తకాన్ని గుండెకు ఆనించుకునే కూర్చున్నాడు.

చిట్టబ్బాయి వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. కళ్ళకు పొరలు కమ్మి చూపు దాదాపు పోయింది. కోడలు మజ్జిగ తెచ్చిచ్చింది. బాబా మజ్జిగ తాగి, భీమశంకరం చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. ప్లాస్టిక్ కవరు ఊడదీసి, ముసలాయన రెండు చేతుల్లోనూ పెట్టారు.

"మీ అన్నగారి వాటా" అన్నారు. అంతే. రెండో సగం ఊసే ఎత్తలేదు.

భీమశంకరం పుస్తకం కోసం చెయ్యి చాచబోయి ఆగిపోయాడు.

చిట్టబ్బాయి పుస్తకాన్ని తడిమాడు, వాసన చూశాడు. చాలాసేపు ఒళ్ళోనే పెట్టుకున్నాడు. నాన్న బతికుండగా దీన్ని చదవాలనే తోచలేదని, కొట్లాడుకునేనాటికి ఇద్దరిలో ఎవరూ ఒక్క పేజీ చదివి ఉండలేదని చెప్పాడు. తర్వాత తన సగాన్ని చూపున్నన్నాళ్ళూ చదువుతూనే ఉన్నాడట. మొదలు మాత్రం తెలియదు.

"కాస్త చదివి పెడతారా అండీ ఎవరైనా?"

బాబా భీమశంకరం వైపు చూశారు. అతను పుస్తకం అందుకున్నాడు. కొన్నప్పుడు పేజీలు లెక్కపెట్టాడు, చిరుగులు చూసుకున్నాడు, అచ్చువేసిన ఏడాది రాసి పెట్టుకున్నాడు. చదవడం ఇదే మొదలు.

చదవగా చదవగా పొగడలంక వచ్చి ఆ వసారాలో కూర్చుంది. రేగుచెట్ల మధ్య బండిదారి, దోసపాదులు, ఇసుకలో తవ్వుకున్న మంచినీళ్ళ చెలమలు. తన తాతపేరు ఒకచోట కనబడితే భీమశంకరం చదవడం ఆపి, మంచినీళ్ళు అడిగాడు. పొద్దు వాలుతుండగా చివరి పేజీకి వచ్చాడు.

"ఆ యేడు గోదావరి పొంగినప్పుడు, మా లంకవారు మొదటి పడవలో ఎక్కించినది తమ బిడ్డలను కాదు..." అని చదివి ఆగాడు. "ఇక్కడితో అయిపోయిందండీ. మాట మధ్యలో చిరిగింది."

చిట్టబ్బాయి తలగడ కిందున్న తన సగాన్ని తీయలేదు. కళ్ళు మూసుకుని అందుకున్నాడు.

"చుట్టపుచూపుగా వచ్చి వరదలో చిక్కుకున్న పరాయి ఊరివాళ్ళను." తలగడ తట్టి అన్నాడు, "నా వాటాలో ఇదేనండీ మొదటి మాట. ఆ వచ్చినోళ్ళని మనోళ్ళు ఏం చేశారో ఇన్నేళ్ళూ నాకు తెలీలేదు."

లోపల కోడలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"అన్నయ్య దీన్ని ఎప్పుడైనా తెరిచేవాడంటారా?" అని అడిగాడు ముసలాయన.

భీమశంకరం చేతిలో ఇంకా ఆ చివరి పేజీయే ఉంది. మిగతా పేజీల అంచులు పెళుసుగా ఉన్నాయి. దీని కింది మూల మాత్రం నలిగి, నూనె, చెమట పట్టి నల్లబడి, పాతబట్టలా మెత్తబడింది. పేజీ తిప్పబోయి, తిప్పడానికి ఏమీ లేక ఆగిపోయిన వేలి గుర్తది. అతను ముసలాయన బొటనవేలు పట్టుకుని ఆ మూలమీద ఉంచాడు.

చిట్టబ్బాయి ఆ మూలను నిమిరాడు. మళ్ళీ నిమిరాడు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"అరగదీసేశాడండీ" అన్నాడు.

తర్వాత తలగడ కింద తడిమి, తన సగం తీసి భీమశంకరం ముందు పెట్టాడు. "ఇది కూడా పట్టుకెళ్ళండి బాబూ. ఎక్కడున్నా పర్లేదు, రెండూ ఒకచోటుంటే చాలు."

ఇన్నాళ్ళూ కలలో కనబడిన పుస్తకం ఇప్పుడు నిండుగా అతని చేతుల్లో ఉంది. భీమశంకరం రెండు సగాలనూ దగ్గరకు చేర్చాడు. చినుగు చినుగులో సరిగ్గా కూర్చుంది. తన కండువాతో మూటగట్టి, ముసలాయన ఒళ్ళో పెట్టి, ఆయన చేతులు దాని మీద ఉంచాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని, రెండో సగం ఆయన నోటివెంట వింటానని చెప్పాడు.

చివరి పడవ రేవు వదిలింది. నడిఏట్లోకి వచ్చాక బాబా, శిష్యుడి ఖాళీ ఒడిని చూసి అడిగారు.

"పుస్తకం తెచ్చుకోలేదా నాయనా?"

"చదివాను బాబా" అన్నాడు భీమశంకరం.