జెండా మీద చేప

ఒకానొక రాజ్యంలో, పేరెందుకు లెండి, వజ్రబాహుడనే రాజు ఉండేవాడు. పేరుకే వజ్రబాహువు, మనిషి మునగకాడ. గొప్పలకు మాత్రం లోటు లేదు. ఆ రాజ్యానికి ప్రాణం పొన్నకొలను. ఒక ఒడ్డున నిలబడితే రెండో ఒడ్డు కనబడేది కాదు. అందులో బొచ్చె చేపలు మనిషి చెయ్యంత పెరిగేవి.

పట్టాభిషేకం నాడు రాజుగారికొక ముచ్చట పుట్టింది. కోట జెండా మీద బొచ్చె చేప ఉండాలన్నాడు. అదీ ఉత్తుత్తి బొమ్మ కాదు. ఏటా శ్రావణ పౌర్ణమి నాటికి కొలను నుంచి తెచ్చిన బొచ్చెల్లో పెద్దదాన్ని గుడ్డ మీద పరిచి, చుట్టూ గీత గీసి, సరిగ్గా అంతే రాయాలి. వెంట్రుకవాసి తేడా వస్తే రాసినవాడి చెయ్యి తీసేస్తారు. దానికి రాజముద్ర వేసిన శాసనం కూడా ఉంది.

ఆ జెండా రాసేవాడు గవరయ్య. కొలువులో చివరి వరసలో కూర్చునేవాడు గాని, నోరు విప్పితే మొదటి వరస దాకా నవ్వాల్సిందే. చిన్నతనంలోనే తల్లి పోతే, బెస్తవాడలో పైడమ్మ అనే ఆవిడ ఇంత ముద్ద పెట్టి పెంచింది.

బెస్తలకొక కట్టుబాటు ఉంది. తొలకరి ఎర్రనీళ్లు కొలనులో దిగగానే వలలన్నీ చూరుకు కట్టేస్తారు. తల్లి చేపలు గుడ్లు పెట్టడానికి వాగులకు ఎదురెక్కే రోజులవి. పిల్లలు కాస్త ఎదిగేదాకా గంజి తాగైనా గడుపుతారు గాని నీళ్లలో వల ముంచరు. రాజుగారి జెండా కోసం మాత్రం ఒక పెద్ద బొచ్చెను ముందే పట్టి, ఒడ్డున దడికట్టి, అందులో బతికించి ఉంచేవారు.

మూడేళ్ల కిందట మంత్రిగారి బావమరిది భుజంగం రాజుగారి చెవిలో ఊదాడు. బెస్తలు సోమరులట, తానైతే ఏడాది పొడుగునా చేపలు పడతాడట. రాజు సరేనన్నాడు. భుజంగం నూరు పడవలూ, దోమ కూడా దూరని వలలూ కొలనులో దింపాడు. తొలకరిలో గుడ్లతో నిండిన తల్లి చేపల్ని అడ్డంగా దేవేశాడు. రాజుగారి పళ్లెంలో రోజూ చేపగుడ్ల పులుసే.

చూస్తూండగానే చేపలు తగ్గిపోయాయి. ఏమైనట్టని రాజు అడిగితే, బెస్తలు దొంగచాటుగా పట్టుకుపోతున్నారని భుజంగం చెప్పాడు. చేను మేసిన కంచే మేకల మీద నేరం మోపింది. రాజు నమ్మాడు. శ్రావణ పౌర్ణమి జెండా పండగ మర్నాటికల్లా బెస్తవాడ నలభై గడపలూ ఒడ్డు వదిలి పోవాలని చాటింపు వేయించాడు.

ఆ సాయంత్రం గవరయ్య వెళ్లేసరికి పైడమ్మ సామాను మూట కడుతోంది.

"దడిలో చేపను ఏం చెయ్యమంటావు నాయనా? రాజుగారికిచ్చేసి పోదామా?" అంది.

వెళ్లగొట్టిన రాజుకి కూడా ఇవ్వాల్సింది ఇచ్చే పోదామంటోందే ఈ పిచ్చితల్లి అని గవరయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని దడి వంక చూశాడు.

"కొలనులో వదిలెయ్యి పెద్దమ్మా. రాజుగారి చేపను ఈసారి రాజుగారి మనిషే తెస్తాడు."

భుజంగం నూరు పడవలతో మూడు రోజులు గాలించాడు. ఆ పెద్ద బొచ్చె ఏ తూటుకాడ గుబురులో దాగిందో గాని అతనికి చిక్కలేదు. చివరికి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన చేప బొటనవేలంత ఉంది. పోయినేటి కొలతే గీసెయ్యి, ఎవరు చూడొచ్చారని గవరయ్య చెవిలో అన్నాడు. గోరంతను కొండంత చెయ్యడం తమకు చెల్లుతుంది గాని తనకున్నది ఒక్కటే కుడిచెయ్యి అని గవరయ్య దణ్ణం పెట్టాడు.

పండగ రోజున పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చాడు. మా చేప చూస్తే మీరు దిమ్మెరపోతారని వజ్రబాహుడు పొద్దుట్నుంచీ ఒకటే ఊదర. బాకాలు మోగాయి. పదహారు మూరల తెల్లగుడ్డ పైకి లేచింది. పొరుగు రాజు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు, కళ్లు చికిలించి చూశాడు.

"మధ్యలో ఈగ వాలినట్టుంది. తోలించండి" అన్నాడు పాపం, మంచికే.

వజ్రబాహుడి మొహం కందగడ్డయింది. జెండా దించమన్నాడు, గవరయ్యను పట్టి తెమ్మన్నాడు, కత్తి ఇచ్చి ఒకణ్ణి పక్కన నిలబెట్టాడు.

గవరయ్య శాసనం చదివి వినిపించాడు. తడిగుడ్డ విప్పి చేపను జెండా మీద పెట్టాడు. తోకతో సహా అతికినట్టు సరిపోయింది. నువ్వు తెచ్చిన వాటిలో పెద్దది ఇదేనా అని రాజు అడిగితే భుజంగం అవునని గొణిగాడు.

"మరి పెద్ద చేపలన్నీ ఏమైనట్టు?" అన్నాడు రాజు.

"పెద్దవి కావలసినవన్నీ ఈ మూడు తొలకరుల్లో, ఇంకా గుడ్లుగా ఉండగానే, ఏలినవారి పళ్లెంలోకి వచ్చేశాయి ప్రభూ. పులుసు అమోఘమని తమరు వంటవాడికి శాలువా కూడా కప్పారు. ఇదొక్కటీ ఎలాగో తప్పించుకుంది."

తరవాత చూరుకు కట్టిన వలల సంగతీ, దడిలో చేప సంగతీ, పైడమ్మ అడిగిన మాటా చెప్పాడు. రాజు ఆ చిన్న చేపను తన బొటనవేలి పక్కన పెట్టి చూసుకున్నాడు. ముందు కోపం వచ్చింది, వెనకే సిగ్గొచ్చింది. పొరుగు రాజు కిసుక్కుమనేసరికి ఆ రెంటినీ తోసుకుని నవ్వు వచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాడు.

బెస్తలు కదలనక్కర్లేదన్నాడు. వాళ్ల కట్టుబాటునే శాసనం చేసి, తొలకరిలో తన వంటింటికి కూడా చేప రాకూడదన్నాడు. దోమ దూరని వలలు కదా, వాటిని భుజంగం చేతనే దోమతెరలుగా కుట్టించి సత్రాలకు పంచాడు. తన చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

"ఆ పెద్ద బొచ్చె జోలికి పోకుండా, ఈ చిన్న చేప తనంతట తాను పెరిగేదాకా ఈ జెండానే ఉండనివ్వండి."

రాజు మింగలేక మింగి ఒప్పుకున్నాడు. ఆ ఏడాదంతా కోట మీద ఈగే ఎగిరింది. మరుసటేడు జానెడయింది, ఆపై ఏడు మూరెడయింది. అయిదో ఏట బొచ్చెను పరిస్తే, చేపకని ఏటా వదిలే నడిమి పట్టీ చాలక తోక అంచు దాటింది, ఇంకో గుడ్డముక్క అతకాల్సి వచ్చింది. వజ్రబాహుడు గొప్పలు మానాడనుకునేరు, అబ్బే. వచ్చిన ప్రతి చుట్టాన్నీ చెయ్యి పట్టుకుని బురుజు మీదికి తీసుకెళ్లి, వేలు పెట్టి మరీ ఆ అతుకు చూపించేవాడు.