మేఘుడి నల్లమందు

అనగా అనగా, ఊళ్ళకంటే అడవులే పెద్దవిగా ఉన్న రోజుల్లో, మణిగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజుగారి గజశాలలో మేఘుడనే ఏనుగు ఉండేది. గున్నగా ఉన్నప్పటి నుంచీ దాన్ని సాకినవాడు మావటి బయ్యన్న.

యుద్ధంలో భయపడకూడదని మేఘుడికి రోజూ అరవైనాలుగు నల్లమందు ఉండలు పెట్టేవారు. యుద్ధాలు ఆగిపోయాయి. అలవాటు మాత్రం ఆగలేదు. మేఘుడు మేత మానేసి చిక్కిపోసాగాడు.

బయ్యన్న చూడలేక, ఒకనాడు మందు మొత్తం ఆపేశాడు. మేఘుడు పిచ్చెత్తినట్టు గోడ కూల్చి వీధిలో పడ్డాడు. మళ్ళీ పాత మోతాదు పెడితేగానీ శాంతించలేదు.

రెండోసారి వారానికి ఎనిమిదేసి ఉండలు తగ్గిస్తూ వచ్చాడు. మొదట్లో మేఘుడికి తెలియనే లేదు. చివరి ఎనిమిదీ తీసేసిన వారం మళ్ళీ వీరంగం! ఈసారి కుమ్మరివాడ మీద పడ్డాడు. మళ్ళీ అరవైనాలుగు ఉండలూ పెడితేగానీ లొంగలేదు.

రాజు బయ్యన్నను పిలిపించాడు. "మేఘుడంటే నాకూ ప్రేమే బయ్యన్నా. కానీ జనం ప్రాణాలు ముఖ్యం. రేపు విలుకాళ్ళు వస్తారు."

బయ్యన్న గజశాలకు వచ్చి మేఘుడి పక్కన కూలబడ్డాడు. "అరవైనాలుగులో ఎనిమిది పోతే నీకు లెక్కలేదు. ఎనిమిదిలో ఎనిమిదీ పోతే సర్వం పోయినట్టే కదా, నాయనా!" అన్నాడు. అన్నవాడల్లా చటుక్కున లేచాడు. రాజు దగ్గరికి పరుగెత్తాడు.

"ప్రభూ, ఇంకొక్క అవకాశం! ప్రతి వారం అంతకుముందు వారం పెట్టినదాంట్లో సగమే పెడతాను. అప్పుడు ప్రతిసారీ ఒకే పాటి బాధ. పక్కనుండి నేను ఓదార్చుకుంటాను."

"ఏడో వారానికి ఎంత మిగులుతుంది?"

"వారాల సంఖ్యలో ఒకటి తగ్గించి, అన్నిసార్లు అరవైనాలుగును సగం చెయ్యాలి ప్రభూ. మొదటి వారం సగం చెయ్యం, అందుకే ఒకటి తక్కువ. ఏడో వారానికి ఆరుసార్లు సగం. ఒకే ఒక్క ఉండ."

"పదో వారానికి?"

"తొమ్మిదిసార్లు సగం. ఉండలో ఎనిమిదో వంతు. ఏ వారానికైనా ఇదే లెక్క."

"అయితే ఎన్నటికీ సున్నా కాదుగా!"

"లెక్కకు కాదు ప్రభూ. మేఘుడికి అవుతుంది."

రాజు నవ్వి గడువిచ్చాడు.

ప్రతి వారం మేఘుడు వణికాడు. ప్రతి వారం బయ్యన్న ఒళ్ళు నిమురుతూ, ఊరడిస్తూ పక్కనే కూర్చున్నాడు. పదో వారం ఆ చిన్న నలుసును బెల్లంలో చుట్టి అందించాడు. మేఘుడు దాన్ని వాసన చూసి వదిలేశాడు. పక్కనున్న చెరకు గడ అందుకుని కరకర నమిలాడు. బయ్యన్న మేఘుడి తొండాన్ని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

బలవంతాన తెంచలేని అలవాటును, ఓర్పుగా తగ్గిస్తూ ప్రేమగా తోడుంటే వదిలించవచ్చు.