సుంకులమ్మ తొక్కిన మట్టి

అనగా అనగా, మీ తాతల తాతకు మూతిమీద మీసం మొలవని రోజుల మాట. ఊఁ కొట్టండర్రా, లేకుంటే నా నోరు కదలదు. ఎర్రమన్ను సీమలో ఓ ఊరు. ఆ ఊళ్ళో సుంకులమ్మ అనే కుమ్మరావిడ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా కుండలు చేసే సారె తిప్పే మరిది ఓబన్న, రెండు పాడు మోకాళ్ళు.

ఆమె పని మట్టి తొక్కడం. నానేసిన మట్టిగుంటలో దిగి, మట్టి వెన్నముద్దయ్యేదాకా తొక్కాలి. అరికాలికి రాయి తగిలితే ఏరి పారేయాలి. ఒక్క రాయి మిగిలినా కుండ కారుతుంది. అలాంటి పనికి ఆ మోకాళ్ళు! పొద్దున కటకటలాడేవి, మధ్యాహ్నానికి వాచిపోయేవి. ఆముదం రాసుకుని, వావిలాకు కాపడం పెట్టుకుని, గోడ పట్టుకుని మళ్ళీ దిగేది.

వైద్యుడన్నాడు, "కూర్చో సుంకులమ్మా." మరిది అన్నాడు, "కూర్చో వదినా." ఊరిపెద్ద నరసప్ప అయితే నలుగురి ముందూ అనేశాడు, "మూల కూర్చోవే! కుంటికాలు తొక్కిన కుండ కారక మానుతుందా?"

ముగ్గురికీ ఒకటే జవాబు. "మా అమ్మ నొప్పని మంచమెక్కింది, మళ్ళీ దిగలేదు. నొస్తే నిలుస్తా. నిలిచి మళ్ళీ తొక్కుతా."

పెద్దమనిషి మాట కదా, ఊరికి ఎక్కింది. ఆమె తొక్కిన కుండ ముట్టడం మానేశారు. చేసినవన్నీ అటకెక్కాయి. అయినా రోజూ గుంటలో దిగేది.

"ఎవరికోసం వదినా?" అనేవాడు ఓబన్న.

"నా కాళ్ళకోసం" అనేది.

ఇంతలో ఊళ్ళోకి గత్తర, అదే కలరా, దిగింది. అబ్బబ్బ, పగవాడికి కూడా వద్దు ఆ ఏడు! ఇంటికో పాడె లేచింది. గట్టికాళ్ళున్న కుమ్మరులంతా బండ్లు కట్టుకుని ఊరు విడిచిపోయారు. ఆ ఊళ్ళో చితి చుట్టూ నీళ్ళకుండతో మూడు చుట్లు తిరగాలి, చుట్టుకో చిల్లు పెట్టాలి. అది జరక్కపోతే పోయిన ప్రాణి పొలిమేర దాటదని భయం.

మొదట వచ్చినవాడు నరసప్పే. పెళ్ళాం పోయింది. వాకిట్లో నిలబడి చెయ్యి చాచాడు. సుంకులమ్మ ఓ కుండ తెచ్చి చేతిలో పెట్టింది.

"నీళ్ళు పోసి చూసుకో నాయనా" అంది.

పోశాడు. ఒక్క చుక్క కారలేదు. తల దించుకుని వెళ్ళిపోయాడు.

అటక ఖాళీ అయింది. సుంకులమ్మ తొక్కుతోంది, ఓబన్న సారె తిప్పుతున్నాడు, కుండలు కాల్చే ఆవం మండుతోంది. నొస్తే నిలిచేది, నిలిచి మళ్ళీ తొక్కేది. చివరికి నిలవడానికే తీరిక లేకపోయింది. ఒక్కడంటే ఒక్కడు గుంటలో దిగాడా? కుమ్మరి గుంటలో మనమేంటి అనుకున్నారు, మహానుభావులు!

ఓ పొద్దున గత్తర ఆమెనూ పట్టుకుంది. గుంట గట్టునే కూలబడింది. మిగిలింది ఒక్క కుండ. ఓబన్న దాన్ని వదినకోసమే దాచాడు. అప్పుడే చాకలి ఎల్లన్న ఏడుస్తూ వచ్చాడు, వాడి ఆలి పోయిందని.

"ఇచ్చెయ్ ఓబన్నా. నేనింకా ఉన్నా కదా" అంది సుంకులమ్మ.

అదిగో, అప్పుడొచ్చింది ఊరికి సిగ్గు. నరసప్ప పంచె ఎగ్గట్టి గుంటలో దిగాడు. వెనకే బతికున్నవాళ్ళంతా దిగారు. రొప్పుతూ తొక్కారు. ఓబన్న కన్నీళ్ళతోనే ఆమెకోసం కుండ చేసి కాల్చాడు. ఆవం చల్లారిన పొద్దునే సుంకులమ్మ పోయింది.

కొడుకు లేడని నరసప్పే కుండ భుజానికెత్తుకున్నాడు. మొదటి చుట్టు ఇంకా తిరగనేలేదు, చిల్లు పెట్టనేలేదు, అప్పుడే అతని వీపంతా తడిసింది. అన్ని గట్టికాళ్ళు తొక్కినా మట్టిలో రాళ్ళు మిగిలిపోయాయి. మూడో చుట్టుకు కుండలో చుక్క లేదు.

"కుంటికాలు తొక్కింది కారలేదు తల్లీ! మా కాళ్ళు తొక్కిందే కారింది!" అని నేలమీద పడి బావురుమన్నాడు.

అందుకే సుంకులమ్మ పొలిమేర దాటక అక్కడే ఉందని ఆ ఊరి నమ్మకం. ఇప్పటికీ ఆ వైపు పాడె లేస్తే, ముందు కుండలో నీళ్ళు పోసి "చూసుకో సుంకులమ్మా" అంటారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు తెల్లారే కుమ్మరి గుంటలో దిగుతారు. ఓపికున్నంత తొక్కి, కాలికి తగిలిన రాయి ఏరి ఆమె పేరున గట్టుమీద వేస్తారు. మంచమెక్కబోయే ముసలివాళ్ళతో "నొస్తే నిలువు, నిలిచి మళ్ళీ తొక్కు" అంటారు. ఆ రాళ్ళకుప్ప ఇప్పుడు మనిషి నడుమెత్తు ఉంది.

ఇక లేవండర్రా. కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేసుంటాయి.