అరచేత్తో పరుపు నొక్కిన రాజుగారు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు గానీ, ఒక ఊళ్ళో ఒక రాజుగారు ఉండేవారు. రాజంటే సినిమాల్లో చూసే రాజు కాదు. మూడు ఊళ్ళు, ముప్పై గేదెలు, ఒక మంత్రి, అంతే. ఆ మంత్రి కూడా మధ్యాహ్నం పూట కునుకు తీసేవాడు. రాజుగారికి ఒక రాణి, ఒక కొడుకు, ఒక కోడలు. కోడలి పేరు సోమిదేవి. ఒరే వినీల్, ఊ కొట్టు. ఊ కొట్టకపోతే నాకు కథ నడవదు.

సోమిదేవికి ఎనిమిది నెలల పాప. ఆ పాప పుట్టినప్పటి నుంచి ఆమెకి నడుం పట్టేసింది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. పాపేమో నేల మీద కూర్చుని రెండు చేతులూ చాచి ఎత్తుకోమంటుంది. సోమిదేవి పైనుంచి చూస్తూ నిలబడుతుంది. ఈలోగా ఎవరో ఒకరు వచ్చి పాపని ఎత్తుకుపోతారు. పాప వాళ్ళ భుజం మీంచి వెనక్కి తిరిగి తల్లినే చూస్తుంది. నడుం నొప్పయినా ఓర్చుకునేది గానీ, ఆ చూపు తట్టుకోలేకపోయేది సోమిదేవి.

వైద్యుడు వచ్చాడు. నాడి చూడక ముందే ఆమె పడుకునే దూది పరుపు చూశాడు. రాజుగారి తాతల నాటిది. మధ్యలో గుంటపడి పడవలా అయిపోయింది. ముందు దీన్ని తీసి అవతల పారెయ్యండి, రబ్బరుపాల పరుపు వెయ్యండి, ఆ పిల్లకి తగినది చూసి మరీ వెయ్యండి అన్నాడు.

రబ్బరుపాలంటే ఏమిటంటావా మైత్రీ? పడమటి కొండల్లో రబ్బరు చెట్లుంటాయి. బెరడు మీద ఏటవాలుగా గాటు పెడితే తెల్లటి పాలు కారి కొబ్బరిచిప్పలో పడతాయి. ఆ పాలని నురగొచ్చేదాకా చిలికి, అచ్చులో పోసి, ఇడ్లీ ఉడికించినట్టు ఆవిరి మీద ఉడికిస్తారు. మీరు లేటెక్స్ పరుపు అంటారే, అదే. నొక్కితే దిగుతుంది, వదిలితే లేస్తుంది.

కొండల నుంచి సెట్టి బండి నిండా పరుపులు తెచ్చాడు. మెత్తవి, గట్టివి, మధ్యరకంవి. ఆ మధ్యరకంలో మళ్ళీ జానెడెత్తువి, మూరెడెత్తువి. అన్నీ వసారాలో పరిచాడు. ఇంటిల్లిపాదీ చేరారు. ఇదిగో, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

పరుపు ఎవరి నడుం కోసం? సోమిదేవి నడుం కోసం. మరి సోమిదేవి ఎక్కడుంది? తలుపు వెనక. ఎందుకంటే ఆ రాజ్యంలో మామగారి ఎదుట కోడలు కాళ్ళు చాపకూడదు, నడుం వాల్చకూడదు. వాలిస్తే మామగారు చూడకూడదు. ఈ కూడదులన్నీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు, పాటించడం మాత్రం అందరికీ తెలుసు.

రాజుగారు ముందుకొచ్చి ఒక పరుపుని అరచేత్తో నొక్కారు, పిడికిలితో గుద్దారు. చెయ్యి దిగలేదు. ఇదీ పరుపంటే, బండరాయిలా ఉంది అన్నారు. నొక్కారు, గుద్దారు, భేషన్నారు, మంచమెక్కించారు.

సోమిదేవి ఒత్తిగిలి పడుకునే మనిషి. ఆ గట్టి పరుపు మీద భుజం ఆనింది, తుంటి ఆనింది, మధ్యలో నడుం గాల్లో వేలాడింది. తెల్లారేసరికి భుజం కూడా పట్టేసింది. పక్కన రాకుమారుడు మాత్రం గురక. అతనికేం, వడ్ల బస్తాల మీద కూడా నిద్రపోగలడు. సోమిదేవి మొగుడికి చెప్పింది. మొగుడు తల్లికి చెప్పాడు. తల్లి మంత్రికి చెప్పింది. మంత్రి రాజుగారికి చెప్పాడు. అక్కడికి చేరేసరికి ఆ మాట ఏమైందో తెలుసా? కోడలికి పరుపు నచ్చలేదట. నడుం సంగతి దారిలోనే జారిపోయింది.

సరే, ఈసారి రాణిగారు నొక్కారు. చెయ్యి మణికట్టు దాకా దిగిపోయింది. అబ్బ, వెన్నముద్ద అన్నారు. నొక్కారు, మురిశారు, భేషన్నారు, మంచమెక్కించారు. సోమిదేవి అందులోకి దిగిపోయింది. పక్కకి తిరగాలంటే బురదగుంటలోంచి గేదె లేచినంత పనయింది. సోమిదేవి మొగుడికి చెప్పింది, మొగుడు తల్లికి చెప్పాడు, తల్లి మంత్రికి చెప్పింది, మంత్రి రాజుగారికి చెప్పాడు. ఏమని? ఆఁ, అదే. కోడలికి ఇదీ నచ్చలేదట.

మూడోసారి మంత్రి. ఆయన నొక్కలేదు, గుద్దలేదు, గుమ్మంలో నిలబడి కళ్ళు చికిలించి చూశాడు. వచ్చేపోయేవాళ్ళకి వీధిలోంచి కనపడాలని మూరెడెత్తుది తీశాడు. పైగా మాసిపోతుందని దాని మీది ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వలేదు. రాజుల కాలంలో ప్లాస్టిక్ ఏమిటంటావా? నా కథలో ఉంది. మీ నాన్న కుర్చీలకి రెండేళ్ళ నుంచి లేదూ, అలాగే.

ఇంకేముంది, సోమిదేవి ఇటు తిరిగితే చరచర, అటు తిరిగితే బరబర. ఒళ్ళంతా చెమట. ఆ చప్పుడు విని రాణిగారు కోడలి గదిలో దెయ్యం దూరిందనుకుంది. వేపమండలు కట్టించింది, భూతవైద్యుణ్ణి పిలిపించింది. వాడొచ్చి పరుపు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇది ఆడదెయ్యం, దీనికి ఏం పెట్టినా తృప్తి ఉండదు అని చెప్పిపోయాడు. ఊ కొడుతున్నారా? నవ్వకండి. నాకైతే నవ్వు రావడం లేదు.

మంత్రి పరుపూ వెనక్కి పోయింది. రాజుగారికి విసుగెత్తింది. సెట్టి రేపు కొండలకి వెళ్ళిపోతున్నాడు, వానలు మొదలైతే దారి మూసుకుపోతుంది, పొద్దున్నే నేనే ఒకటి తీస్తాను, అదే ఆఖరు, అదీ వద్దంటే ఇక చాపే గతి అని చెప్పమన్నారు. ఆ మాట మంత్రి రాణికి, రాణి కొడుక్కి, కొడుకు పెళ్ళానికి చెప్పారు. చూశారా, పైనుంచి కిందికొచ్చే మాట మాత్రం ఒక్క ముక్క జారదు.

సోమిదేవి నేల మీద పాపని చూసింది. పాప చేతులు చాచింది.

మర్నాడు వసారాలో మళ్ళీ పరుపులు పరిచారు. రాజుగారు పిడికిలి ఎత్తారు. తలుపు వెనక నుంచి సోమిదేవి వచ్చేసింది.

“మామయ్యగారూ, ఆ పిడికిలి దించండి. పడుకునేది అది కాదు, నేను.”

అంటూ గోడ పక్కనున్న మొదటి పరుపు మీద పడుకుంది. పట్టపగలు, నిండు వసారాలో, కాళ్ళు చాపుకుని మరీ.

రాజుగారు అమ్మో అని గోడవైపు తిరిగారు. చూడకూడదు కదా. రాజుగారు తిరిగితే మంత్రి తిరిగాడు, మంత్రి తిరిగితే భటులు తిరిగారు, భటులు తిరిగితే సెట్టి తిరిగాడు. అంతమంది మగవాళ్ళూ ముక్కు గోడకి ఆనించి వరసగా నిలబడ్డారు. తనని ఇన్నాళ్ళు తలుపు వెనక నిలబెట్టిన కూడదే ఇప్పుడు వాళ్ళని గోడకి నిలబెట్టిందని సోమిదేవికి అర్థమైంది.

ఇక తొందరేముంది? ఒక్కో పరుపు మీద అన్నం ఉడికినంతసేపు పడుకుంది. వెల్లకిలా పడుకుని దాసిని నడుం కింద చెయ్యి పెట్టమంది. చెయ్యి గాలాడినట్టు పోతే గట్టిది, వద్దు. తుంటి దిగిపోయి చెయ్యి అసలు పట్టకపోతే మెత్తది, వద్దు. తర్వాత రోజూ పడుకున్నట్టే ఒత్తిగిలింది. మెడ నుంచి కింది దాకా వెన్ను దారం లాగినట్టు ఉందో లేదో చూడమంది.

“అయిందా అమ్మా?” అన్నారు రాజుగారు గోడతో.

“ఇంకా లేదు మామయ్యగారూ.”

మధ్యరకం జానెడు పరుపు దగ్గరికొచ్చింది. ప్లాస్టిక్ చింపించింది, ఒత్తిగిలింది. భుజానికి కావలసినంత లోతు ఇచ్చింది, నడుముకి కావలసినంత ఆసరా ఇచ్చింది. వెల్లకిలా తిరిగితే దాసి చెయ్యి నడుం కింద నిండుగా పట్టింది. ఇది అని చెబుదామని నోరు తెరిచింది సోమిదేవి. చెప్పకుండానే నిద్రపోయింది. ఎనిమిది నెలల తర్వాత నిద్ర అది.

“అయిందా?” రాజుగారు. వెనక నుంచి సన్నగా గురక వినపడింది. ఎదురుగా గోడ మీద బల్లి ఒకటి ఆయన్నే చూస్తోంది.

కోడల్ని లేపు అని రాణిగారికి చెప్పారు. రాణిగారు వచ్చింది. కోడలి మొహం చూసింది. ముప్పై ఏళ్ళుగా తను పడుకుంటున్న పరుపు ఎవరు నొక్కి తెచ్చారో గుర్తొచ్చింది. దానితో పాటు కోడలి కోసం తను నొక్కిందీ గుర్తొచ్చింది. లేపలేదు. పక్కనున్న పరుపు మీద తనూ నడుం వాల్చింది. దాసి చూసింది, ఇంకో పరుపు మీద అదీ వాల్చింది. గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళు వచ్చారు, వంటింట్లోవాళ్ళు వచ్చారు. నడుం మాది, నిర్ణయం మీదా అని ఒకరన్నారు. పడుకునేవాళ్ళదే పరుపు అని అందరూ అందుకున్నారు. మగవాళ్ళు అన్నీ విన్నారు, తిరగడానికి మాత్రం లేదు. అలా పొద్దు వాలేదాకా నిలబడితే రాజుగారి నడుం కూడా పట్టేసింది. అప్పటికి గాని నడుమంటే ఏమిటో ఆయనకి తెలిసి రాలేదు.

“అమ్మా సోమిదేవీ, నీకేది కావాలో అదే తీసుకో. ఈ ఇంట్లో ఇక చేత్తో పరుపు నొక్కినవాడికి చాపే గతి” అన్నారు గోడతోనే.

సోమిదేవి లేచింది. పాప పాక్కుంటూ వచ్చి రెండు చేతులూ చాచింది. సోమిదేవి మోకాళ్ళు వంచి మెల్లిగా కిందికి దిగింది, పాపని రెండు చేతులా పట్టుకుంది, పైకి లేచింది. నొప్పి ఒక్కరోజులో పోతుందా, కొంచెం కలుక్కుమంది. కానీ లేచింది. పాప ఈసారి ఎవరి భుజం మీంచీ వెనక్కి చూడలేదు. తల్లి మెడలో మొహం పెట్టేసుకుంది.

ఆ తర్వాత రాజుగారు ఒక పరుపు మీద వాలి, రాణిగారు వాలి, ఎవరిది వాళ్ళు ఎంచుకుని హాయిగా ఉన్నారు. దూది పరుపుల్లా వీటిని మేడ మీద ఎండలో వెయ్యకండి, పాడైపోతాయి, నీడలో గాలికి పెట్టండి అని చెప్పి సెట్టి బండెక్కాడు. మన కథ కూడా ఆ బండిలోనే ఓ మూల కూర్చుని కంచి దాకా పోయింది. మనం దుప్పటి కప్పుకుందాం.

ఆగండి, ఒక్క మాట. రేపు మీ నాన్న మీ అమ్మ నడుం కోసం పరుపు కొనడానికి వెళ్తున్నారు కదా, ఒక్కరే వెళ్ళి తెచ్చేస్తానన్నారు కదా. మీరిద్దరూ అమ్మ చేతులు పట్టుకుని కూడా వెళ్ళండి. షాపులో మీ నాన్న చెయ్యెత్తి పరుపు నొక్కబోయారనుకోండి, ఏం చెయ్యాలి?

ఆఁ. గోడవైపు తిప్పండి.