సూదుల దిండులో ఏం కూరావు?

పైకి బాగుంటే చాలు, లోపల ఎవరు చూస్తారులే అని పని ముగించేవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు? తల దించుకోకండి. నా వైపు చూసి వినండి.

చీరాలలో హైమావతి అనే కుట్టుపని చేసే ఆమె ఉండేది. చెయ్యి చక్కనిదే గానీ, కంటికి కనిపించని చోట పని ఎగ్గొట్టే అలవాటు ఆమెకు ఉండేది.

ఆమె ఆడపడుచు వకుళ పక్క వీధిలోనే ఉండేది. వకుళ కొత్తగా కుట్టుమిషను కొనుక్కుంది. "వదినా, సూదులు గుచ్చి పెట్టుకోవడానికి నాకో చిన్న దిండు కుట్టిపెట్టు. కొన్నది వద్దు, నీ చేత్తో చేసిందే కావాలి" అని అడిగింది.

హైమావతికి పని నేర్పిన ఖాసింబీ ఒక నియమం పెట్టింది. దిండులో కూరేది దూదైనా, గుడ్డైనా ముందు పళ్లెంలో పరచాలి. దాని మీద అయస్కాంతం తిప్పాలి. ఆ తర్వాతే మూతి కుట్టాలి. కుట్టుపని చేసే ఇంట్లో విరిగిన సూదిముక్క ఎక్కడైనా దాగి ఉంటుందని ఆమె భయం.

హైమావతి ఎర్ర మఖమల్ గుడ్డతో టమాటా ఆకారంలో దిండు కుట్టింది. ఆకుపచ్చ దారంతో తొడిమ పెట్టింది. కూరడానికి దూది చాలలేదు. బజారుకు వెళ్లడానికి బద్ధకించి, మిషను కింద ఊడ్చిన గుడ్డపీలికలు అలాగే కూరి మూతి కుట్టేసింది.

"అయస్కాంతం తిప్పావా?" అని అడిగింది, అప్పుడే ఇంటికి వచ్చిన ఖాసింబీ.

"తిప్పానక్కా. మీ దగ్గర దిండు కుట్టడం కంటే పోలీసుల సోదా నయం."

"నవ్వు, నవ్వు. గుచ్చుకున్నవాళ్లు నవ్వరు" అంది ఖాసింబీ.

ఆ సాయంత్రమే హైమావతి దిండు ఇచ్చి వచ్చింది. మర్నాడు పొద్దున వకుళ బిడ్డను ఎత్తుకుని పరుగున వచ్చింది. పది నెలల కావేరి నోటి వెంట నెత్తురు కారుతోంది. ఎర్రగా ఉందని బిడ్డ ఆ దిండును కొరికింది. కుట్టు ఒకచోట విడిపోయింది.

"నేనింకా దానికి ఒక్క సూదైనా గుచ్చలేదు వదినా" అంది వకుళ.

ఇద్దరూ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. ఆయన బిడ్డ నోరు చూసి, "దిండు లోపల ఇనుము ఏమైనా ఉందా? సూదిముక్కలాంటిది?" అని అడిగాడు.

వకుళ హైమావతి ముఖంలోకే చూస్తోంది.

"లేదండీ. అంతా చూసే కూరాను" అంది హైమావతి.

"అయితే చిగురు గీరుకుని ఉంటుంది. పసిబిడ్డకు ఊరికే ఎక్స్‌రే ఎందుకు? ఇంటి దగ్గర కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు డాక్టరు.

హైమావతి ఇంటికి వచ్చి తలుపు వేసుకుంది. మిగిలిన పీలికలు పళ్లెంలో పోసి అయస్కాంతం తిప్పింది. టక్కున ఒక సూదిమొన అంటుకుంది. తర్వాత మరొకటి. ఆపైన మూడోది. ఆ వారం మందపాటి గుడ్డ కుడుతూ తను నాలుగు సూదులు విరగ్గొట్టిన సంగతి గుర్తొచ్చింది. పీలికలన్నీ మళ్లీ వెతికింది. నాలుగో మొన దొరకలేదు.

వెళ్లి చెప్పాలని లేచింది. చెబితే ముఖం ఎలా చూపించాలని కూర్చుంది. మొన దిండులోనే ఉండి ఉంటుందిలే అనుకుంది. వీధిలో ఏ బిడ్డ ఏడ్చినా ఉలిక్కిపడింది. అలా మధ్యాహ్నం మూడైంది.

అప్పుడు వకుళ బిడ్డతో మళ్లీ వచ్చింది. "పాలు మింగడం లేదు వదినా. ఊపిరి తీస్తుంటే గురగురమంటోంది."

హైమావతి పళ్లెం చూపించింది. వకుళ ఆ మూడు మొనల వైపు చూసింది. "పొద్దున ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగి, బిడ్డతో పరుగెత్తింది.

ఎక్స్‌రేలో మొన కనబడింది. గొంతు వాచి బిడ్డకు ఊపిరి అందడం లేదు. గుంటూరు తీసుకెళ్లి మొన తీయించారు. రెండు రోజులు ఎవరూ ఏ ధైర్యమూ చెప్పలేదు. మూడో రోజు కావేరి కళ్లు తెరిచింది.

కావేరి మొదటి పుట్టినరోజుకు హైమావతి గౌను కుట్టి తీసుకెళ్లింది. వకుళ ఆమెను గుమ్మంలోనే ఆపింది.

"ఒట్టు వకుళా, ప్రతి కుట్టూ చూసే తెచ్చాను."

"డాక్టరు ముందు కూడా చూశాననే చెప్పావు వదినా" అని వకుళ మెల్లగా తలుపు వేసింది.

ఆ తర్వాత ఆ వీధుల్లో పసిబిడ్డల బట్టలు ఎవరూ హైమావతికి ఇవ్వలేదు. కనిపించని చోట పని ఎగ్గొట్టి, అడిగినప్పుడు అబద్ధమాడిన మనిషి ఆ తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. హైమావతి బతికినంతకాలం చెల్లించిన మూల్యం అదే.