చెంగమ్మ నిలబడిన చోటు

"పెన్సిల్ పని అయిపోయిందని ఎప్పుడనుకోవాలి సార్?" అని ప్రసూన అడిగింది. ఆ వారంలో అలా అడగడం అది మూడోసారి.

ఆమె గురువు మునిరత్నం గారు బొమ్మ ముందు తిరిగే జనాన్నే చూస్తున్నారు. పెద్ద పెద్ద భవనాల గోడలకు బొమ్మలు వేసే ఆయనకు ఒక అలవాటుంది. గోడ మీద ఎంత బొమ్మ రావాలో అంత బొమ్మనీ ముందు కాగితాల మీద పెన్సిల్‌తో గీయించి, ఆ కాగితాలు అతికించి, జనం తిరిగే చోట వేలాడదీయించి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటారు. ఎన్నాళ్ళు కూర్చుంటారో ఆయనకే తెలియదు.

ఈసారి వేలాడదీసింది జిల్లా కోర్టు వరండాలో. పక్కనే కోర్టుకు కొత్త భవనం లేచింది. దాని హాల్లో ముప్ఫై అడుగుల గోడ వీళ్ళది. పూత ఆరింది, రంగులు వచ్చాయి, ప్రారంభోత్సవం ఇక పందొమ్మిది రోజులే. ఇంజనీరు రోజుకు రెండుసార్లు ఫోను చేస్తున్నాడు, ఆ ఫోను ఎత్తవలసింది ప్రసూనే. పైగా ఆమె చేతికి వచ్చిన మొదటి గోడ అది. ఐదు నెలలు ఈ వరండాలోనే కూర్చుని, వాయిదాలకు వచ్చేవాళ్ళను చూసి గీసింది. ఇప్పుడు కాసేపు కూర్చుంటే మళ్ళీ లేస్తోంది, చెక్కిన పెన్సిల్‌నే మళ్ళీ చెక్కుతోంది. ఒక ప్లీడరు తన కోటు పొట్టిగా ఉందన్నాడు. ఒక గుమాస్తా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టి వెళ్ళాడు. వీళ్ళ కోసమా ఆగడం అని ఆమెకు లోపల ఉడుకుతోంది.

ఆ మధ్యాహ్నం చెంగమ్మ వచ్చింది. తన ఇంటికి పోయే దారికి అడ్డంగా మరిది కంచె వేశాడని పన్నెండేళ్ళుగా కోర్టుకు తిరుగుతున్న మనిషి. బొమ్మ నడిమధ్యన, కాగితాల సంచి గుండెలకు అదుముకుని, స్తంభం పక్కన నిలబడింది ఆమే. ప్రసూన గీసినవాటన్నిటిలోకీ అదే మేలైనది. మునిరత్నం గారంతటివారు దాని ముందు ఆగి తలూపారు.

చెంగమ్మ తనను తాను గుర్తుపట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కవాళ్ళను పిలిచి చూపించింది. గేటు దాకా వెళ్ళి, ఏమనుకుందో, వెనక్కి వచ్చింది.

"ఇది ఎన్నాళ్ళు ఉంటాది పాపా?"

"గోడ మీదికి ఎక్కిందంటే వందేళ్ళకైనా చెరగదు," అంది ప్రసూన, కాస్త గర్వంగానే.

చెంగమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"నూరేండ్లు నేను ఈడనే నిలబడుకోని ఉండాల్నా? కేసు అయిపోతే నేను ఇంటికి పోవాల గదమ్మా!"

ప్రసూన చటుక్కున పెన్సిల్ అందుకుంది. ముఖం మార్చేస్తానంది.

"మొగం మారిస్తే ఇంగెవురో నిలబడాల గదా. వొద్దు. నన్ను తీసెయ్."

ప్రసూన గురువు వైపు తిరిగింది. "ఆమె పోతే బొమ్మే పోతుంది సార్. మీరైనా చెప్పండి."

మునిరత్నం గారు లేచి, స్టూలు చెంగమ్మ ముందుకు జరిపి, "కూర్చో తల్లీ," అన్నారు. తర్వాత జేబులోంచి రబ్బరు తీసి శిష్యురాలి అరచేతిలో పెట్టారు.

ముఖం నుంచి మొదలుపెట్టడానికి ప్రసూనకు మనసు రాలేదు. పాదాల దగ్గర మొదలుపెట్టింది. తర్వాత చీర కుచ్చిళ్ళు, సంచి, సంచిని పట్టుకున్న వేళ్ళు. ఆ వేళ్ళు కుదరడానికే ఆమెకు పదకొండు రోజులు పట్టింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తుడిపింది. చివరి గీత పోయేదాకా చెంగమ్మ కదలకుండా చూసి, "పోయొస్తా పాపా," అని బస్సు కోసం గబగబా వెళ్ళిపోయింది.

స్తంభం పక్కన మనిషంత మసక మరక మిగిలింది. ఫోను మోగుతోంది. ప్రసూన ఎత్తలేదు.

"ఇంజనీరుకు ఏం చెప్పమంటారు సార్? ఇంకా ఎన్నాళ్ళు?"

మునిరత్నం గారు స్టూలును బొమ్మకు ఇంకొంచెం దగ్గరగా లాక్కుని కూర్చున్నారు.

"ఇవాళ ఒకామె వచ్చింది," అన్నారు. "మిగిలినవాళ్ళు ఇంకా రాలేదు."