పులుసు రుచిని దోచిందెవరు?

ఒకానొక కొండరాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. రాజన్నవాడికి ఏ లోపమూ ఉండదని ఆయన నమ్మకం. ఒక వానాకాలం ఆయనకు పడిశం పట్టింది. ఆ మాట అంటే ఎక్కడ మండిపడతాడోనని ఆస్థాన వైద్యుడు, "రాజసం కాస్త ముక్కుకెక్కింది ప్రభూ" అని తప్పించుకున్నాడు.

మధ్యాహ్నం సభాసదులతో భోజనానికి కూర్చున్న రాజు మొదటి ముద్దకే మొహం చిట్లించి, ఇరవై ఏళ్ళుగా వంటశాల చూస్తున్న పేరమ్మను పిలిపించాడు.

"ఉప్పుంది, పులుపుంది. రుచేదీ? పులుసులో ఇంగువ ఎగ్గొట్టావా?"

"వేశాను ప్రభూ."

"నాకు తెలియలేదంటే లేనట్టే! పొద్దు వాలేలోగా రాజ్యం విడిచిపో!"

రాజుగారి మాట ముద్దముద్దగా రావడం పేరమ్మ గమనించింది. పడిశమని చెబితే తల పోతుంది, చెప్పకపోతే ఊరు పోతుంది. ఒక్క క్షణం ఆలోచించి చేతులు జోడించింది.

"రుచిని ఎవడో దొంగ ఎత్తుకుపోయాడు ప్రభూ. పట్టిస్తాను. ఈ పులుసే అందరికీ వడ్డిస్తాను, ముక్కు మూసుకుని తినమనండి."

"ముక్కెందుకు?"

"మనం వాసన పసిగడితే దొంగ పారిపోడూ!"

రాజు సరేనన్నాడు. మంత్రి ముక్కు పట్టుకుని ఒక ముద్ద తిన్నాడు. "నిజమే ప్రభూ! ఉప్పూ పులుపూ తప్ప ఏమీ లేదు."

"దీనికన్నా గడ్డి నయం" అన్నాడు సేనాపతి.

రాజు మీసం దువ్వాడు.

"ఇక ముక్కులు వదలండి" అంది పేరమ్మ.

మంత్రి కళ్ళు విప్పారాయి. "ఆహా, ఇంగువ! కరివేపాకు!" సేనాపతి పులుసు గిన్నె తనవైపు లాక్కున్నాడు.

"మరి నా ముక్కు తెరిచే ఉందిగా?" అని గర్జించాడు రాజు.

"తలుపు తెరిచే ఉంది ప్రభూ. గుమ్మంలోనే ఎవరో అడ్డం కూర్చున్నారు. సెలవిస్తే వెళ్ళగొడతాను."

రాజు ముక్కు తడుముకుని, సరేనన్నట్టు తలాడించాడు.

పేరమ్మ వాము, పసుపు వేసి మరిగించిన నీళ్ళకుండ ఆయన ముందు పెట్టి, తలమీదుగా దుప్పటి కప్పింది. కాసేపటికి మంటపం అదిరేలా తుమ్ము వినిపించింది. మూడో తుమ్ముకు దుప్పటే ఎగిరిపడింది.

కిటికీలోంచి తడిమట్టి వాసన వచ్చింది. ఆ వెనకే పోపు ఘుమఘుమ. రాజు ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు.

"నలభై ఏళ్ళుగా ఈ ముక్కు నాకు ఊడిగం చేస్తోంది పేరమ్మా! ఒక్కనాడూ దీన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు."

"అందుకే కాబోలు ప్రభూ, చెప్పకుండా సెలవు పెట్టింది!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "వినండి! నాకు పడిశం పట్టింది!" అని తానే చాటాడు. శిక్ష రద్దు చేసి, తన చేతి కంకణం తీసి పేరమ్మకు తొడిగాడు.

ఆనాటినుంచి ఆయన ముద్ద ఎత్తేముందు నిండుగా ఒక ఊపిరి పీల్చి, మనసులోనే దణ్ణం పెట్టుకునేవాడు. పేరమ్మ నేతిగిన్నెతో పక్కన నిలబడి, ఆ ఊపిరి పూర్తయ్యాకే వడ్డించేది.